అమ్ముడుపోని మందు

మా నాన్న షాపులో కదలని సరుకు ఉండేది కాదు.

బళ్లారి కౌల్ బజార్‌లో, ఆటోలూ బైకులూ ఒకదాన్నొకటి తోసుకునే ఇరుకు మలుపులో ఆయన మందుల షాపు. ప్రతి అమావాస్యకు షాపు కడిగి, గుమ్మానికి కొత్త గుమ్మడికాయ కట్టేముందు అరలన్నీ దించేవారు. సెలవు రోజైతే ఆ పని నాది. దుమ్ము పట్టిన డబ్బాలను వెతికి పక్కన పెట్టాలి.

"దుమ్ము పట్టిండాదంటే ఏంది అర్థం? ఎవురూ అడగలేదని. ఎవురూ అడగంది మనకెందుకమ్మా?" అనేవారు నాన్న.

ఆ డబ్బాలు కంపెనీకి వాపసు పోయేవి. వాటి చోట్లోకి జ్వరం మాత్రలు, దగ్గు మందులు, షుగరు మందులు వచ్చేవి. సాయంత్రానికి అరలన్నీ నిండుగా, తళతళలాడుతూ ఉండేవి. నాకు ఆ శుభ్రత ఇష్టం. తర్వాత బీకాంలో, గిరాకీ ఉన్న చోటికి సరుకు తనంతట తానే వస్తుందని మా లెక్చరర్ చెప్పినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. అది మా అరల మీద నేను చూసిందే.

ఇప్పుడు ఆ అరలే కలలోకి వస్తున్నాయి. నేను కౌంటరుకు ఇవతల నిలబడి ఒకే ఒక మందు అడుగుతాను. అది తప్ప అన్నీ ఉంటాయి.

నన్ను ఇచ్చింది బళ్లారి జిల్లాలోనే, ఎమ్మిగనూరు దగ్గరి ఒక క్యాంపుకు. కాలువ నీళ్లు వచ్చిన కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడినవాళ్ల పల్లెల్ని ఇక్కడ క్యాంపులంటారు. మా మామగారి తండ్రి అలా వచ్చినవారే. ఇన్నేళ్లయినా మా అత్తయ్యకు ఈ ప్రాంతపు తెలుగంటే వేళాకోళం. "ఉండాదీ, యాడుండాదీ... ఒసేయ్, ఎక్కడుంది అనలేవూ?" అంటుంది. నేను కావాలనే "ఈడే ఉండాది అత్తయ్యా" అంటే పడీపడీ నవ్వుతుంది.

అన్నీ మేమే చేసుకున్నాం అన్నది క్యాంపు వాళ్ల గర్వం. బడి వాళ్లే కట్టుకున్నారు, గుడి వాళ్లే కట్టుకున్నారు, రైసుమిల్లు వాళ్లే పెట్టుకున్నారు. "గవర్నమెంటు మనకేం చేసిందమ్మా?" అని మామగారు అరుగు మీద కూర్చుని అడుగుతుంటారు. ఆయన ఎదురుగానే సర్కారు తవ్వించిన కాలువ నీళ్లు పొలాల్లోకి పోతుంటాయి. ఒంట్లో బాగోకపోతే కారు తీసి బళ్లారి, అద్దాల తలుపులున్న నర్సింగ్ హోము. దారిలో కనిపించే చిన్న సర్కారు ఆసుపత్రి కూలీలు వెళ్లే చోటు. క్యాంపు వాళ్లెవరైనా ఆ మెట్లెక్కితే మర్నాడు పలకరింపులు మొదలవుతాయి: "ఏంటి, మీ వాళ్లకి అంత ఇబ్బందొచ్చిందా?"

నేను వచ్చాక ఆ ఇంట్లో ఇంకో అలవాటు చేరింది. ఎవరికి ఏ నలత చేసినా ముందు ఫోను మా నాన్నకే. మందుల షాపు వాళ్లమ్మాయిని చేసుకుంటే వచ్చే సుఖం ఇదేనని మా ఆయన అందరికీ చెప్పి నవ్వేవారు.

పాపకు అప్పుడు నాలుగేళ్లు. కోతలు అయిపోయి, దొడ్లో కొత్త గడ్డివామి వేసిన రోజులు. మధ్యాహ్నం ఎండలో అత్తయ్య మంచం వాల్చుకుని చింతపండు గింజలు తీస్తోంది. పాప కోడిపిల్ల వెంట వామి చుట్టూ తిరుగుతోంది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. పాప నా దగ్గరికి నడిచి వచ్చి, "అమ్మా, ముల్లు" అని కాలు చూపించింది. ఏడవను కూడా లేదు. ఏడ్చింది అత్తయ్య.

"రక్తపింజరే! నా కళ్లతో చూశాను, వామి కిందికి పోయింది, రక్తపింజరే!"

పొలం నుంచి మా ఆయన వచ్చేలోపే నేను నాన్నకు ఫోను చేశాను. "ఏడవద్దు. పిల్లను నడిపియ్యొద్దు. తాడు గీడు కట్టొద్దు. నేరుగా నర్సింగ్ హోముకు రాండి. మందు నేను పట్టుకొని ఆడనే నిలబడుంటా." కౌల్ బజార్‌లో దొరకని వస్తువు లేదని ఆయన నమ్మకం. తన దగ్గర లేకపోతే పక్క షాపులో, అక్కడ లేకపోతే ఎదురు షాపులో. పుట్టిన్నాటి నుంచి ఆ నమ్మకంలో పెరిగినదాన్ని కాబట్టి, ఆ మాటతో నాకు మందు దొరికేసినట్టే అనిపించింది.

కారు సర్కారు ఆసుపత్రి గేటు ముందు నుంచే పోయింది. వేగం తగ్గలేదు. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ వద్దని అనలేదు కూడా. గేటు పక్కన నీళ్ల ట్యాంకు, దాని నీడలో పడుకున్న కుక్క... అవి ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టున్నాయి. ఆసుపత్రి మాత్రం ఆ రోజు మా నలుగురిలో ఒక్కరికీ కనిపించలేదు.

పాప నా ఒళ్లో ఉంది. పాదం నున్నగా ఉబ్బిపోతోంది. "అమ్మా, నా కాలు పెద్దదైపోతోంది," అంది, అదేదో తను చేస్తున్న పని అన్నట్టు. కురుగోడు దాటాక నాన్న ఫోను వచ్చింది.

"అమ్మా," అని ఆగిపోయారు. తర్వాత గబగబా చెప్పారు. "యాడా లేదమ్మా. మన లైన్‌లో ఎవురూ పెట్టరంట. హోల్‌సేలోడు ఆర్డరిస్తే తెప్పిస్తా అంటాడు. నర్సింగ్ హోములో కూడా పెట్టుకోరంట. సర్కారు ఆసుపత్రిలోనే ఉంటాదంట. వెనక్కి తిప్పమను. అల్లుణ్ణి బండి వెనక్కి తిప్పమను!"

ఆయన ఏదో షాపు ముందు నిలబడి మాట్లాడుతున్నారు. వెనకాల ఎవరో తెల్లబడే క్రీము అడుగుతున్నారు. ఏ కంపెనీది కావాలని షాపతను అడగడం నాకు స్పష్టంగా వినిపించింది.

ముందున్న బళ్లారి పెద్దాసుపత్రి కంటే వెనక వదిలేసిన చిన్నాసుపత్రే దగ్గర. కారు తిప్పేటప్పుడు అత్తయ్య దేవుళ్లను పిలవడం మానేసింది. పాప చిగుళ్ల దగ్గర సన్నగా ఎరుపు కనిపించింది. ఏదో తిన్నదేమో అనుకున్నాను. తినలేదు.

అక్కడ మమ్మల్ని ఎవరూ ఏ ఊరనీ, ఎవరి పిల్లనీ అడగలేదు. కాలు చూడగానే నర్సమ్మ ఫ్రిజ్ తలుపు తీసింది. బరువైన మనిషి, నడుస్తుంటే తాళాల గుత్తి గలగలమనేది. డాక్టరు కుర్రవాడు. సీసా తర్వాత సీసా సూదితో లాగి సెలైన్‌లో కలుపుతుంటే మా ఆయన ఉండబట్టలేక అడిగారు: "చిన్నపిల్ల కదా సార్, అంత మందు తట్టుకుంటుందా? కొంచెం ఇస్తే చాలదా?"

"చిన్నపిల్లని పాము విషం తగ్గించి కరుస్తాదా అప్పా?" అన్నాడాయన, తలెత్తకుండా. "పెద్దోళ్లకు ఎంతో పిల్లలకూ అంతే."

అత్తయ్య మొదట ఎవరైనా గుర్తుపడతారేమోనని తల మీద కొంగు కప్పుకుని మూల బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి కొంగు ఎప్పుడు జారిపోయిందో, ఆమె నేల మీద ఎప్పుడు కూలబడిందో నేను చూడలేదు.

సాయంత్రానికి రక్తం కారడం ఆగింది. పాప కళ్లు తెరిచి కోడిపిల్ల గురించి అడిగింది.

అప్పుడే ఒకావిణ్ణి తెచ్చారు. చెరకు కొట్టడానికి ఎక్కడి నుంచో వచ్చిన గుంపులోని మనిషి. ట్రాక్టరు ట్రాలీలో, గోనెసంచుల మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. ముంజేయి మోచేతి దాకా ఉబ్బి ఉంది. నర్సమ్మ ఫ్రిజ్ తీసింది, చూసింది, తలుపు వేయకుండా అలాగే నిలబడి డాక్టరును పిలిచింది. ఇద్దరూ గొంతు తగ్గించి కన్నడంలో మాట్లాడుకున్నారు. మిగిలింది ఎక్కించి, అంబులెన్సులో బళ్లారి పెద్దాసుపత్రికి పంపాలని అనుకున్నారు. మిగిలింది కొంచెమే. ఎందుకు కొంచెమే మిగిలిందో, ఆ కారణం నా ఒళ్లో పడుకుని ఉంది.

అంబులెన్సు వచ్చేదాకా ఆవిడ మా పక్క మంచం మీదే ఉంది. నావైపు తిరిగి, "పాప హెంగైతమ్మా?" అని అడిగింది. పాప ఎలా ఉందని.

"బాగుంది," అన్నాను.

"ఒళ్లేదాయ్తు," అంది. మంచిదైంది అని. అని నవ్వింది. ఆ నవ్వులో పళ్ల సందులన్నీ ఎర్రగా ఉన్నాయి.

తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఇంటికి పంపించే రోజు నర్సమ్మను అడిగాను. "బళ్లారికి పంపినాం కదమ్మా. ఆమేల గొత్తిల్ల," అంది. ఆ తర్వాత సంగతి వాళ్లకూ తెలియదు. చెరకు గుంపు అప్పటికే ఇంకో ఊరికి వెళ్లిపోయింది. బతికే ఉంటుందని మా ఆయన అంటారు. పెద్దాసుపత్రిలో మందు బోలెడు ఉంటుందని, దారి కూడా పెద్ద దూరం కాదని చెబుతారు. ఆయన చెప్పేవన్నీ నిజమే. అయినా పాప పళ్లు తోముతున్నప్పుడు చిగుళ్ల దగ్గర నురగలో ఒక్క ఎర్రచుక్క కనబడితే, ఆవిడ నావైపు తిరిగి మళ్లీ అదే అడుగుతుంది. నేను మళ్లీ బాగుందనే చెబుతాను.

పాప కోలుకున్నాక ఒక ఆదివారం పుట్టింటికి వెళ్లాను. నాన్న షాపు మూసి ఉంది, అరలు దించి ఉన్నాయి. అమావాస్య కాదు. ఆయన ఊరికే తుడుస్తూ కూర్చున్నారు.

"ఇంత పెద్ద బజారులో లేకపోవడమేంటి నాన్నా?" అన్నాను.

"ఎట్ల ఉంటాదమ్మా? ఎప్పుడో ఒకరు అడుగుతారు. ఆ ఒకరు యానాడు వస్తారో తెలీదు. వచ్చినోణ్ణి రేపు రాప్పా అంటే ఆగలేడు. అమ్ముడు కాలేదనుకో, కంపెనీ వాపసు తీసుకోదు. అందుకే ఎవురూ పెట్టరు. నేనూ పెట్టలా. ఎవుర్ని తిట్టాల?"

నన్నే అడిగినట్టు నావైపు చూశారు. జ్వరం మాత్రల గిరాకీ రోజూ వస్తుంది, బేరమాడుతుంది, ఇక్కడ కాకపోతే ఇంకో షాపుకు పోతుంది. ఈ మందు గిరాకీ ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పుడుతుంది, ఎండ దిగేలోపు చచ్చిపోతుంది. ఆ మధ్యలో దానికి బజారు తిరిగే కాళ్లుండవు.

ఆ నెల నుంచి నాన్న ఆ మందు పెట్టడం మొదలుపెట్టారు. షాపు ఫ్రిజ్‌లో, ఇన్సులిన్ డబ్బాల వెనక. ఎదురు అత్తరు షాపాయన ఊరుకోలేదు. "ఏం సేఠ్, పాముల దుకాణం పెట్టినావంట? బుట్ట, నాగస్వరం కూడా తెప్పించు!" అని అరిచేవాడు. నాన్న నవ్వేసేవారు. గడువు దాటిపోతే తీసేసి కొత్తవి తెచ్చేవారు. మళ్లీ గడువు దాటేది. నేను వెళ్లినప్పుడల్లా ఫ్రిజ్ తీసి చూపించేవారు.

"ఈసారీ ఎవురూ అడగలేదమ్మా," అనేవారు. ఆ గొంతులో సంతోషం విని నాకు వింతగా ఉండేది. ఎవరూ అడగని సరుకును గుమ్మం దాటించి బతికిన మనిషి. ఇప్పుడు ఒక సరుకు అమ్ముడుపోకుండా ఉండాలని కోరుకుంటున్నారు. అమ్ముడుపోకపోతేనే మంచిదయ్యే దాన్ని ఏ షాపువాడు ఎంతకాలం మోస్తాడు?

ఎంతో కాలం మోయలేదు. నాన్నకు మోకాళ్లు పట్టేశాయి. షాపు తమ్ముడి చేతికి వచ్చింది. వాడు కంప్యూటరు పెట్టాడు. కదలని సరుకు తెర మీద ఎర్రగా కనిపిస్తుంది, దుమ్ము తుడిచి చూడక్కర్లేదు.

"అక్కా, నువ్వే బీకాం చదివినావు కదా, నువ్వే చెప్పు," అన్నాడు. "వీధి చివర పెద్ద కంపెనీ షాపు తెరిచినారు. నేను ఈ షాపు నిలబెట్టాలా, పాము కరిచినోళ్ల కోసరం ఎదురు చూస్తా కూర్చోవాలా?"

వాడి మాటలో తప్పు పట్టడానికి చాలా వెతికాను. దొరకలేదు. ఈ మధ్య వెళ్లినప్పుడు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ వెనక చోట చాక్లెట్లు ఉన్నాయి. నాన్న కుర్చీలోంచి నన్నే చూస్తున్నారు. నేను తలుపు మూసేశాను.

ప్రతి ఏడూ కాలువకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యే ముందు నేను ఆ చిన్నాసుపత్రికి వెళ్తాను. నర్సమ్మ నన్ను చూడగానే, "వచ్చిందప్పా ఇన్‌స్పెక్టరమ్మ!" అని అందరికీ వినబడేలా అంటుంది. ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, "ఉండాది, కళ్లారా చూసుకో, పోయి నిద్రపో," అంటుంది. నేను నిజంగానే చూసుకుంటాను. ఆ సీసాలు ఎవరి కోసమూ కావు, ఎవరూ వాటిని కొనలేదు, ఎవరూ అమ్మాలని చూడటం లేదు. కాలువ తూము దగ్గర గేటు కదలని రోజు కూడా ఒక మనిషి కాపలా కూర్చుంటాడే, అలా అవి అక్కడ కూర్చుని ఉంటాయి. వాటిని చూస్తే నాకు ధైర్యం.

ఇవాళ వెళ్తే నర్సమ్మ వేళాకోళం ఆడలేదు. తాళాలు కూడా తీయలేదు.

"స్టాక్ ఇల్లమ్మా. నిన్ననే ఇద్దరికి ఎక్కించినాం. అడిగినాం, సోమవారం పంపిస్తామన్నారు."

"అంతవరకు?"

"అంతవరకు బళ్లారే."

మా పొలంలో నాట్లు రేపు. ఇంటికొచ్చి మా ఆయనతో సోమవారానికి మార్చమన్నాను. "నారు ముదిరిపోతోంది. నీళ్ల వంతు మళ్లీ ఎప్పుడొస్తుందో," అన్నారు. నేను పాప పాదం వైపు చూశాను. మడమ దగ్గర ఆ మచ్చ ఇంకా ఉంది. ఆయనా చూశారు. లేచి వెళ్లి పక్క పొలం ఆయనకు ఫోను చేశారు. రేపటి కూలీల గుంపును మీరు తీసుకోండి, మేము తర్వాత చూసుకుంటాం అని.

నా మాట నెగ్గిందని కాసేపు తేలిగ్గా ఉంది. బియ్యం కడుగుతుంటే అర్థమైంది. అవే ఆడవాళ్లు, అదే బురద, అదే గట్టు. మా పొలం ఎక్కడ అయిపోయి పక్క పొలం ఎక్కడ మొదలవుతుందో పాముకు ఎవరు చెబుతారు? నేను కాపాడింది మా పేరును మాత్రమే.

పొద్దు వాలుతుండగా కూలీల ఇళ్ల వైపు నడిచాను. నాట్ల గుంపు పెద్దమ్మ వాకిట్లో జొన్నరొట్టెలు కొడుతోంది. వాళ్లది తాతల నాటి నుంచి ఈ పల్లెల్లోనే ఉన్న తెలుగు కుటుంబం. చుట్టూ ఇంకో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

"ఏందమ్మా, ఈ యాళప్పుడు? మీ మళ్లో పని లేదంటిరి కదా?"

"రేపు మళ్లో దిగినప్పుడు ఏదన్నా కరిస్తే యాడికి పోతారు?" అన్నాను. నాకు తెలియకుండానే పుట్టింటి మాట వచ్చేసింది.

ఆమె పకపకా నవ్వింది. "చూడండ్రే, నాట్లు మొదలు కాకముందే పామును పిలిచేకి వచ్చింది! నోట్లో చక్కెర పొయ్యండి తల్లికి!" తర్వాత, "ఇంగ యాడికి పోతామమ్మా? సర్కారు ఆసుపత్రికే."

"సోమవారం దాకా ఆడ మందు లేదు."

రొట్టె కొట్టే చెయ్యి ఆగింది. "లేదా?" అంది. మిగతావాళ్లు ఆమె వైపు తిరిగారు. వాళ్లకు నర్సింగ్ హోమూ తెలియదు, కౌల్ బజార్ షాపులూ తెలియవు. ఆ ఒక్క ఫ్రిజ్ మాత్రం తెలుసు.

"నాకు ఫోన్ చెయ్యండి. ఆడికి పోయి టైము పోగొట్టుకోవద్దు. మా కారు ఉండాది, నేరుగా బళ్లారి పెద్దాసుపత్రికి పోదాం."

"మా బురద కాళ్లు నీ కారులోనా?" అని ఒకావిడ అడిగింది. "మీ అత్త ఊరుకుంటాదా?"

"మా అత్తే వెనక సీటు మీద దుప్పటి పరిచింది," అన్నాను. అది నిజం. నేను బయల్దేరుతుంటే ఏమీ అడగకుండా పాత దుప్పటి తెచ్చి తనే పరిచింది.

నేను తిరిగి రాబోతూ పెద్దమ్మను అడిగాను, ఆ ఏడు చెరకు కొట్టడానికి వచ్చి పాము కరిచినావిడ ఎవరో తెలుసా అని. ఆమె పెనం మీది రొట్టె తిప్పింది. "వాళ్లు యాడాడి నుంచో వస్తారు, పోతారు కదమ్మా," అంది. "బతికుంటే మళ్లీ ఈ పక్కకే వచ్చుంటాది. నీకు ఆనవాలు తెలీదంతే." ఓదార్పుగానే అంది. అప్పటి నుంచి నాకు తెలియని ప్రతి ముఖమూ ఆవిడదే అవుతోంది.

పాప పడుకుంది. చెయ్యి దాని వీపు మీద వేసి ఊపిరి చూసుకుని, లేచి వచ్చి ఇది రాస్తున్నాను. కిటికీలోంచి కారు కనబడుతోంది. షెడ్డులో పెట్టకుండా, ముందు వైపు రోడ్డుకు తిప్పి నిలిపారు మా ఆయన. తాళం చెవి గుమ్మం పక్క మేకుకు వేలాడుతోంది. ఎవరూ పిలవకపోతే సోమవారం దాకా ఆ కారు అక్కడే ఊరికే నిలబడుతుంది. దాని మీద దుమ్ము పడుతుంది.

పడనీ.